కణం చేతనే తలుపు తీయించుకునే టైఫాయిడ్ బ్యాక్టీరియా

పాతతరం తెలుగువారు సన్నిపాత జ్వరం అని పిలిచిన టైఫాయిడ్‌కు కారణం సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా. మనిషి శరీరం తప్ప దీనికి సహజమైన ఆవాసం మరొకటి లేదు. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా లోనికి వెళ్లి, జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకుని చిన్న ప్రేగుకు చేరుతుంది. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 90 లక్షల మంది దీని బారిన పడుతున్నారనీ, దాదాపు 1,10,000 మంది మరణిస్తున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ భారంలో అధిక భాగం దక్షిణాసియా దేశాలదే.

ప్రేగు లోపలి గోడను కప్పి ఉంచే కణాలు ఆహారంలోని పోషకాలను పీల్చుకుంటాయే గాని, సూక్ష్మజీవులను మింగవు. ఆ పని తెల్ల రక్తకణాల్లోని కొన్ని రకాలకు పరిమితం. పేయర్స్ మచ్చలు అనే రోగనిరోధక స్థావరాల మీద ఉండే ఎం కణాలు మాత్రం ప్రేగులోని పదార్థాన్ని కొద్దికొద్దిగా లోనికి తీసుకుని, కింద ఉన్న రక్షణ కణాలకు నమూనాగా అందిస్తుంటాయి. ఆ దారిని సాల్మొనెల్లా వాడుకుంటుంది. అంతటితో ఆగక, మింగే అలవాటు లేని మామూలు కణాలలోకి సైతం చొరబడుతుంది. అది తలుపు బద్దలుకొట్టదు. ఇంటి యజమాని గొంతుతో లోపలి వారికి ఆజ్ఞ ఇచ్చి తలుపు తీయించుకుంటుంది.

ఆ ఆజ్ఞ ఏమిటో తెలియాలంటే కణంలోని సంకేత వ్యవస్థను చూడాలి. కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చేది యాక్టిన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక. ఆ పోగులు ఎక్కడ పెరగాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే స్విచ్‌ల వంటి ప్రోటీన్లలో ర్యాక్, సీడీసీ42 ముఖ్యమైనవి. జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుని ఉన్నప్పుడు స్విచ్ వేసినట్టు, జీడీపీ అనే అణువును పట్టుకుని ఉన్నప్పుడు ఆపినట్టు. (ఆర్థిక వార్తల్లో వినిపించే జీడీపీకీ దీనికీ సంబంధం లేదు.) ఆరోగ్యవంతమైన కణంలో ఈ స్విచ్‌లను వేసేవీ, ఆపేవీ కణం సొంత ప్రోటీన్లే.

సాల్మొనెల్లా ఈ స్విచ్ మీద నేరుగా చేయి వేస్తుంది. అందుకు దాని దగ్గర ఇంజెక్షన్ సూదిని పోలిన నిర్మాణం ఉంది. శాస్త్రవేత్తలు దీన్ని టైప్-3 స్రావ వ్యవస్థ అంటారు. హోర్హే గలాన్ బృందం, జపాన్ పరిశోధకులు కలిసి 1998లో ఈ సూది రూపాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించారు. కణపు పొరను తాకగానే బ్యాక్టీరియా ఈ సూది గుండా తన ప్రోటీన్లను లోపలికి పంపుతుంది. వాటిలో సోప్‌-ఈ అనేది ర్యాక్, సీడీసీ42లను పట్టుకుని, జీడీపీని వదిలించి, జీటీపీ చేరేలా చేస్తుంది. స్విచ్ పడుతుంది. యాక్టిన్ పోగులు ఒక్కసారిగా పెరిగి, కణపు పొర అలలుగా పైకి లేచి బ్యాక్టీరియాను చుట్టుముట్టి లోనికి లాక్కుంటుంది. ఇదంతా కొద్ది నిమిషాల పని. ఆశ్చర్యమేమంటే, ఇదే పని చేసే కణపు సొంత ప్రోటీన్లతో సోప్‌-ఈ నిర్మాణానికి పోలిక లేదు. తాళంచెవిని అచ్చు తీసి నకలు చేసినట్టు కాక, వేరే ఆకారంతో అదే తాళాన్ని తెరిచినట్టన్నమాట.

లోనికి వచ్చాక తలుపు మూయడం కూడా ఈ బ్యాక్టీరియా మరచిపోదు. అదే సూది గుండా వచ్చే ఎస్‌పీటీపీ అనే మరో ప్రోటీన్ స్విచ్‌లను తిరిగి ఆపివేస్తుంది. కణం తన మునుపటి ఆకారానికి వస్తుంది. రెండూ దాదాపు ఒకేసారి చేరితే ఒకదాని పనిని మరొకటి చెరపదా అనే ప్రశ్నకు 2003లో సమాధానం దొరికింది. పనికిరాని ప్రోటీన్లను ముక్కలు చేసే కణపు యంత్రాంగం సోప్‌-ఈని త్వరగా నాశనం చేస్తుంది, ఎస్‌పీటీపీ మాత్రం ఎక్కువసేపు నిలుస్తుంది. అంటే వేళ పాటించడానికి కూడా కణం సొంత యంత్రాంగమే ఉపయోగపడుతోంది. ఈ వివరాలలో చాలావరకు టైఫీకి దగ్గరి బంధువైన సాల్మొనెల్లా టైఫీమ్యూరియంలో బయటపడినవి. ప్రతి అంశమూ టైఫీలో అచ్చంగా అలాగే జరగదు. ముఖ్యంగా తలుపు మూసే ఎస్‌పీటీపీ టైఫీలో సరిగా పనిచేయదని తర్వాతి పరిశోధనలు చూపాయి.

కణం లోపల బ్యాక్టీరియా ఒక పొర సంచిలో ఉంటుంది. మామూలుగా అటువంటి సంచిని జీర్ణరసాలున్న భాగాలతో కలిపి, అందులోని సూక్ష్మజీవిని కణం చంపేస్తుంది. సంచిలో ఆమ్లం పెరగడమే గుర్తుగా సాల్మొనెల్లా రెండో సూది వ్యవస్థను బయటికి తీసి, ఆ కలయికను పక్కదారి పట్టిస్తుంది. చంపవలసిన తెల్ల రక్తకణాలనే వాహనాలుగా చేసుకుని కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ వరకు ప్రయాణిస్తుంది. రోగికి జ్వరం కనిపించేసరికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు గడిచిపోతాయి.

కణంలో దాగడం వల్ల చికిత్స కూడా చిక్కుగా మారుతుంది. పరీక్షనాళికలో సాల్మొనెల్లాను చంపే జెంటామైసిన్, కణాలలోకి సరిగా చొరబడలేదు కనుక టైఫాయిడ్ రోగికి పనికిరాదు. కణాలలో పేరుకునే అజిత్రోమైసిన్ పనికివస్తుంది. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో ఉన్న హైదరాబాద్ నగరంలో 2016లో బయటపడిన టైఫాయిడ్ రకానికి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కో-ట్రైమాక్సజోల్, ఫ్లోరోక్వినోలోన్లు, సెఫ్ట్రియాక్సోన్ ఏవీ లొంగలేదు. నోటి ద్వారా ఇచ్చే మందుల్లో ప్రధానంగా మిగిలింది అజిత్రోమైసినే.

అందువల్ల బ్యాక్టీరియా కణాలలో చేరకముందే అడ్డుకునే టీకాలకు ప్రాధాన్యం పెరిగింది. టైఫీ తన చుట్టూ ‘వీఐ’ అనే చక్కెర పొరను కప్పుకుని రోగనిరోధక వ్యవస్థ కళ్లు కప్పుతుంది. ఆ పొరనే ధనుర్వాత విషం నుంచి తయారైన హానిరహిత ప్రోటీన్‌కు జోడించి, తెలంగాణలోని హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ టీకా రూపొందించింది. ఆరు నెలలు నిండిన శిశువులకు సైతం ఇవ్వగల ఈ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత లభించింది. 2019లో ఈ తరహా టీకాను సాధారణ టీకా కార్యక్రమంలో చేర్చిన తొలి దేశం పాకిస్తాన్. ఆ కార్యక్రమం సింధ్‌లోనే మొదలైంది.