తప్పు దిద్దుకొను చిన్నచేతులు

పసిబిడ్డ తప్పు చేసినప్పుడు, అది తప్పని వానికి ఎవరు చెప్పవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని శిశువిద్యాచరిత్రలో కొన్ని పెద్ద మార్పులు ఈ ప్రశ్నకు లభించిన సమాధానములను బట్టియే కలిగినవి. గురువు చెప్పవలెనని ఒక కాలమువారు తలచిరి. తోటి విద్యార్థి చెప్పినను చాలునని మరియొక కాలమువారు తలచిరి. బిడ్డ చేతిలోని వస్తువే ఆ మాట చెప్పగలదని ఇరువదవ శతాబ్ది ప్రారంభమున రోము నగరములో ఒక వైద్యురాలు చూపెను. ఈ మూడు మెట్లను గూర్చి నేడు మనము కొంత ముచ్చటించుకొందము.

ముందుగా మన తాతముత్తాతల నాటి వీథిబడిని జ్ఞప్తికి తెచ్చుకొందము. నేలపై ఇసుక పరచి, పంతులు బిడ్డ వ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దించెడివాడు. కన్ను చూచుట, నోరు పలుకుట, వ్రేలు తాకుట, ఈ మూడును ఒక్కసారిగా జరిగెడివి. కాసు ఖర్చు లేదు. చెడిన అక్షరమును అరచేతితో చెరిపి మరల వ్రాయవచ్చును. ఇంత చక్కని సాధనమునందును ఒక లోపముండెను. వంకరపోయిన అక్షరము వంకరపోయినదని ఇసుక చెప్పలేదు, పంతులే చెప్పవలెను. పలుచోట్ల ఆయన చెప్పు తీరు బెత్తము, తొడపాశము, గోడకుర్చీ, కోదండము. తప్పనగా దిద్దుకొనవలసినదను భావము పోయి, దాచుకొనవలసినదను భావము పసిమనస్సులో నాటుకొనెడిది.

ఈ ఇసుకబడి ఒక విదేశీయుని దృష్టి నాకర్షించెను. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు 1787 లో మద్రాసు చేరి, 1789 లో ఎగ్మూరునందలి అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. సమీపమున ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు వ్రేళ్లతో ఇసుకలో అక్షరములు వ్రాయుట ఆయన చూచెను. ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టబోగా ఉపాధ్యాయులు ఇష్టపడలేదు. అంతట ఆయన కొంచెము పెద్దవాడైన ఒక బాలుని చిన్నవారికి గురువుగా నియమించెను. ఆ ప్రయోగ వృత్తాంతము 1797 లో లండనులో పుస్తకముగా వెలువడెను. అటుపిమ్మట మద్రాసు పద్ధతి అను పేరుతో ఇది ఇంగ్లండున విస్తరించెను. ఇది రెండవ మెట్టు. తప్పు చూపు అధికారము పంతులు నుండి తోటి బాలునికి వచ్చినది. కాని వ్రాసిన బిడ్డ మాత్రము తన తప్పు తెలిసికొనుటకు ఇంకను పరుల ముఖమే చూడవలసియుండెను.

మూడవ మెట్టునకు దారి వేసినది బడులు కావు, వైద్యశాస్త్రము. 1800 లో ఫ్రాన్సు దేశమున అవేరాన్ ప్రాంతపు అడవులలో ఒంటరిగా తిరుగుచున్న, మాటలురాని బాలుడొకడు పట్టుబడెను. పారిస్ నగరమందలి బధిరుల విద్యాలయ వైద్యుడు ఇటార్ వానికి విక్టర్ అని పేరుపెట్టి విద్య నేర్ప పూనుకొనెను. మాట వినని వానికి వస్తువుతో చెప్పవలెను గదా! పలకపై వృత్తము, త్రిభుజము, చతురస్రము అంటించి, అవే ఆకృతులు గల అట్టముక్కలను వాని చేతికిచ్చి, దేనిపై ఏది ఉండవలెనో వానినే పోల్చుకొననిచ్చెను. మాటలు నేర్పుటలో ఇటార్ ఆశించిన ఫలము చేకూరలేదు. అయినను ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ సెగాన్ ఆ మార్గమునే విస్తరింపజేసెను. బుద్ధిమాంద్యము కలవారని నాడు ముద్రవేయబడిన బాలురకై, గుంటలలో సరిగా అమరు కొయ్యముక్కల పలకను, మరికొన్ని పరికరములను ఆయన రూపొందించెను.

మేరియా మాంటిసోరి 1870 లో ఇటలీయందు జన్మించి, 1896 లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. అట్టి పిల్లలను పెద్దవారైన ఉన్మత్తులతోపాటు ఆసుపత్రులలో బంధించియుంచుట చూచి ఆమె మనస్సు కలతచెందెను. వీరికి కావలసినది మందు కాదు, విద్య యని ఆమె తలచెను. ఇటార్, సెగాన్ గ్రంథములను తన చేతితోనే ఇటాలియను భాషలో వ్రాసికొనెను. 1900 మొదలు సుమారు రెండేండ్లు అట్టి పిల్లల పాఠశాలను నడపగా, వారిలో కొందరు చదువను వ్రాయను నేర్చి, సామాన్య బాలురు వ్రాయు పరీక్షలోనే కృతార్థులైరి. లోకము ఆమెను పొగడెను. ఆమె మనస్సులో మాత్రము వేరొక ప్రశ్న మెదలెను. వీరు ఇంత చేయగలిగినప్పుడు, ఆరోగ్యవంతులైన పిల్లలను మన బడులలో వెనుకకు లాగుచున్నదేమి?

ఆ ప్రశ్నకు సమాధానము వెదకు అవకాశము 1907 జనవరి 6 న లభించెను. రోములో సాన్ లొరెంజో అనునది కూలిజనుల పేట. అచట బాగుచేసిన వసతి భవనములలో తల్లిదండ్రులు పనికి పోగా, పసివారు మెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. వారినొకచో కూర్చవలెనని భవనముల యాజమాన్యము ఆమెను కోరెను. బాలగృహము ఆవిర్భవించినది. మాంటిసోరి తన కొయ్యసామానును అచటికి తెచ్చెను. అప్పుడు ఆమె కొక భేదము కనిపించినది. వెనుకటి పాఠశాలలో ఆ వస్తువుల సాయమున గురువు నేర్పవలసి వచ్చెను. ఇచట పిల్లలు వానితో తమంతట తామే నేర్చుకొనుచుండిరి.

అది ఎట్లు సాధ్యమో ఒక్క వస్తువును చూచిన చాలును. పొడవైన కొయ్యదిమ్మలో పది గుంటలు. వానిలో అమరు పది గుండ్రని కొయ్యముక్కలు. మూడు వ్రేళ్లతో పట్టుకొనుటకు ఒక్కొక్కదానిపై చిన్న పిడి. ఒక దిమ్మలో ముక్కల ఎత్తు సమానము, లావు మాత్రము క్రమముగా తగ్గును. బిడ్డ అన్నిటిని తీసి, కలిపి, మరల పెట్టును. సన్నని ముక్కను వెడల్పు గుంటలో పెట్టినచో అది దిగును. తప్పు వెంటనే తెలియదు. కాని చివరకు చేతిలో ఒక లావు ముక్క, దిమ్మలో ఒక ఇరుకు గుంట మిగులును. ఎవరును కసరలేదు, ఎవరును నవ్వలేదు. మిగిలిన ముక్కయే మాటలాడినది. బిడ్డ మరల మొదటికి వచ్చి, ఎచట పొరపడితినో వెదకును.

సుమారు మూడేండ్ల బాలిక ఒకతె ఈ ముక్కలతో పని చేయుట మాంటిసోరి గమనించెను. చుట్టునున్న పిల్లలచే పాట పాడించెను. బాలికను కుర్చీతో సహా ఎత్తి బల్లపై కూర్చుండబెట్టెను. ఆ పిల్ల ముక్కలను ఒడిలో చేర్చుకొని, తన పనిని నలువది సారులకు మించి చేసి, తనంతట తానే ఆపి, తృప్తిగా చుట్టు చూచెను. పసివారికి నిలకడ లేదను లోకోక్తి ఆనాడు ఆమె దృష్టిలో చెల్లకపోయెను.

అన్ని వస్తువులును ఇంత గట్టిగా తప్పును అడ్డగింపవు. అంచుకొలత 1 సెంటీమీటరు మొదలు 10 సెంటీమీటర్ల వరకు గల పది గులాబిరంగు ఘనములతో గోపురము కట్టునపుడు, వరుస తప్పినను గోపురము నిలువవచ్చును. అచట కన్ను చూచి చెప్పవలెను. మొదట కొయ్య చెప్పిన మాటను క్రమముగా బిడ్డ కన్నే చెప్పుకొనునట్లు చేయుట ఈ ఏర్పాటులోని కిటుకు.

అక్షరముల విషయము మనకు మరింత ఆసక్తికరము. వడ్రంగులు కొయ్యను నునుపుచేయుటకు వాడు ఇసుక కాగితమును అక్షరములుగా కత్తిరించి, నున్నని అట్టపై అంటించిరి. బిడ్డ ఆ గరుకుదారి వెంట వ్రేలు పోనిచ్చును. దారి తప్పినంతనే వ్రేలికి నునుపు తగులును. మన వీథిబడి ఇసుక చెప్పలేని మాటను ఈ ఇసుక కాగితము చెప్పినది!

ఈ పద్ధతిపై విమర్శయు కలదు. ఒక వస్తువునకు ఒకే సరియైన ఉపయోగమున్నచో, బిడ్డ ఊహకును తోటివారితో కలిసి ఆడుటకును చోటెక్కడ అని అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1914 లో ప్రశ్నించెను. అది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కూలిజనుల బిడ్డలతో మొదలైన ఈ విద్య పలుచోట్ల కలవారి పిల్లలకే అందునదిగా మారుటయు విచారకరమే.

1939 లో దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడు అరండేల్ ఆహ్వానముపై మాంటిసోరి మద్రాసునకు వచ్చెను. నాడది కోస్తా, రాయలసీమ జిల్లాలకును రాజధాని. అడయారులో నడపిన మొదటి శిక్షణ తరగతికి సుమారు మూడువందలమంది వచ్చిరి. 1940 లో ఇటలీ యుద్ధమున దిగుటతో ఆమె కుమారుడు మారియోను ప్రభుత్వము నిర్బంధించి, కొన్ని వారములకు విడిచిపెట్టెను. 1946 వరకు ఆమె ఈ దేశముననే ఉండి, మొత్తము వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తీర్చిదిద్దెను. మద్రాసు ఇసుకలో బెల్ చూచిన దృశ్యమునకు సుమారు నూటయేబది యేండ్లు గడచిన పిమ్మట, అదే నగరమునకు పరిణతి చెందిన సమాధానము చేరినదన్నమాట.

ఆమె వ్రాసిన ఒక సంగతి మరువరాదు. పారిస్ ఆసుపత్రి బడిలో సెగాన్ పరికరములు విరివిగా వాడుకలో నున్నను, ఆయన పద్ధతి అంతగా కానరాలేదట. వస్తువులు కొనుట సులభము. వాని నడుమ పెద్దలు మౌనముగా నుండుట కష్టము. ఖరీదైన పెట్టె లేని ఇంటను వంటింటి డబ్బాలు, మూతలు ఉన్నవి. వానిని బిడ్డ ముందుంచి చూడుడు. రెండవ మూత తప్పు డబ్బాపై పడగానే మన చేయి ముందుకు పోవును. ఆ చేతిని వెనుకకు తీసికొని, చివరి మూత అమరక మిగులువరకు వేచియుండుడు. అప్పుడు బిడ్డ మన ముఖము చూచునో, మూత వంక చూచునో గమనింపుడు.