పేర్ల పట్టిక నుండి ఇంటి రౌటరు వరకు

మనుష్యునకు పేరు జ్ఞాపకముండును. యంత్రమునకు అంకె కావలెను. ఈ రెంటికి పొత్తు కుదుర్చుటకు జరిగిన ప్రయత్నముల ఫలమే డి.ఎన్.ఎస్. నేడు ఇంటి గోడకు తగిలించిన చిన్న రౌటరు కూడ ఈ పనిలో పాలు పంచుకొనుచున్నది.

1969లో అమెరికాలో అర్పానెట్ నాలుగు కేంద్రములతో ఆరంభమైనది. అప్పటికి పేర్ల చిక్కు లేదు. కేంద్రములు పెరిగిన కొలది ఒకే కంప్యూటరును ఒక్కొక్కచోట ఒక్కొక్క పేరుతో పిలువసాగిరి. పేర్లన్నియు ఒక పద్ధతిలో ఉండవలెనని 1971లో పెగ్గీ కార్ప్ ప్రతిపాదించినది. తరువాత కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో, ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున పనిచేసిన సమాచార కేంద్రము ‘హోస్ట్స్’ అను ఒకే పట్టికను నిర్వహించినది. క్రొత్త కంప్యూటరు చేరినచో ఆ కేంద్రమునకు తెలుపవలెను. తక్కినవారు సరిచేసిన పట్టికను ఎప్పటికప్పుడు తెచ్చుకొనవలెను.

పూర్వము మన గ్రామములలో కరణము అడంగలు వ్రాసిన తీరుననే ఈ పని సాగినది. గ్రామమునకు ఒక్క కరణము చాలును, దేశమంతటికి చాలునా? పట్టిక పెరిగినది. దూరమున నున్నవారి ప్రతులు పాతబడినవి. ఒకరు కోరిన పేరును మరియొకరు ముందే తీసికొనుచుండిరి.

దీనికి విరుగుడు కనుగొను పనిని జాన్ పోస్టెల్, పాల్ మొకపెట్రిస్‌కు అప్పగించెను. 1983 నవంబరులో మొకపెట్రిస్ ప్రకటించిన పద్ధతియే డి.ఎన్.ఎస్. పేర్లను చెట్టు కొమ్మలవలె విభజించి, ఏ కొమ్మ బాధ్యత ఆ కొమ్మవారికే ఒప్పగించుట ఇందలి కీలకము. ఒకసారి తెలిసికొన్న జవాబును కొంత గడువు వరకు దాచుకొనవచ్చును. కావున ప్రతి ప్రశ్నయు మూలము వరకు పోనక్కరలేదు. 1987లో సవరించిన రూపమే నేటికిని ఆధారము.

ఇక ఇంటి సంగతి. ఇండ్లలోని యంత్రములకు 192.168తో మొదలగు అంకెలు సాధారణముగా ఇత్తురు. ఇట్టి సొంత అంకెలను 1994లో ప్రత్యేకించిరి. ఇవి లక్షలాది ఇండ్లలో ఒకటే కావున, మన ప్రింటరు ఎక్కడున్నదో బయటి సర్వరునకు తెలియదు. తెలిసినది రౌటరునకే, అంకెలను పంచునది అదియే గదా! అందుచేత సైమన్ కెల్లీ రచించిన డిఎన్ఎస్‌మాస్క్ వంటి ప్రోగ్రాములు అంకెలను పంచుట, పేర్లు చెప్పుట అను రెండు పనులను ఒకేచోట చేయుచున్నవి.

అమరిక కష్టము కాదు. మొదట ప్రింటరునకు మారని అంకెను కేటాయించి, ఒక పేరు పెట్టవలెను. పిదప ఇంటిలోని యంత్రములన్నియు పేర్లకై రౌటరునే అడుగునట్లు ఏర్పరుపవలెను. రౌటరు ముందు తన పట్టికను, తరువాత దాచుకొన్న జవాబులను చూచును. రెంటను లేనిచో బయటి సర్వరును అడుగును. రౌటరును అడుగక తిన్నగా బయటి సర్వరును ఆశ్రయించు బ్రౌజరునకు మాత్రము ఇంటి పేర్లు దొరకవు.

ఇంటి పేర్లకు తోచిన తోక తగిలించుట మంచిది కాదు; అట్టి ప్రశ్నలు బయటకు పొర్లి ఇతరుల పేర్లతో కలియవచ్చును. ఇందుకే 2018లో ‘హోమ్.ఆర్పా’ అను తోకను ఇండ్ల కొరకు ప్రత్యేకించిరి.

దాచుకొన్న జవాబులో ప్రమాదమును కలదు. దొంగ జవాబును సర్వరులలో చొప్పించి, బ్యాంకును వెదకువారిని మోసగాని చెంతకు చేర్చుట ఎంత సులభమో 2008లో డాన్ కామిన్‌స్కీ బయటపెట్టెను. పెక్కు సంస్థలు కలిసి సవరణలు విడుదల చేయవలసివచ్చినది. కావున రౌటరు ప్రోగ్రామును ఎప్పటికప్పుడు నవీకరింపవలెను. బయటివారి ప్రశ్నలకు అది బదులీయకుండునట్లు చూడవలెను.

ఒక విశేషము: డిఎన్ఎస్‌మాస్క్ చదువు ఇంటి పట్టిక ఆ పాత హోస్ట్స్ పట్టిక వంటిదే. ప్రపంచమునకు చాలని పద్ధతి ఇంటికి చక్కగా సరిపోయినది. పేర్ల బాధ్యత వానిని ఎరిగినవారి చేతనే ఉండవలెనని 1983లో ఏర్పడిన సూత్రము ఇంటిలోను నిలిచినది.