పరదేశవాసము: చిన్న కష్టముల చరిత్ర

మా మైలవరమునుండియు, దాని చుట్టుపట్ల గల పల్లెలనుండియు నేడు చదువునకో, ఉద్యోగమునకో సముద్రములు దాటి పోయినవారు పెక్కుమంది కలరు. అట్టి యింటిలో టెలిఫోను మ్రోగినతోడనే పెద్దలు మొదట అడుగు ప్రశ్నలేవి? "అన్నము తింటివా? చలి యెట్లున్నది? ఇంటి యజమాని మంచివాడేనా? కాగితములు వచ్చినవా?" అనియే. జీతమెంత యను ప్రశ్న తరువాత వచ్చును. ఈ వరుసలో గొప్ప వివేకము కలదు. పరదేశవాసిని దినదినము వేధించునవి మహావిపత్తులు కావు. తిండి, పేరు, కాగితము, అప్పు, భాష, వివాహము అను సామాన్య విషయములే. చరిత్రకారులు ఓడల లెక్కలును, యుద్ధముల తేదీలును శ్రద్ధతో వ్రాసిరి గాని వీనిని తరచుగా విడిచిపెట్టిరి. అయినను, ఈ చిన్న కష్టములు చిన్నవిగానే యుండుటయు, ప్రాణాంతకములగుటయు ఆ దేశపు శాసనమును బట్టియు, ఆ పరదేశికి గల బలమును బట్టియు నుండునని మాకు తోచుచున్నది. దీనిని మన తీరపు చరిత్రనుండియే చూపుటకు యత్నింతుము.

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతిత్యహేతువులలో నొకటిగా చేర్చినది. కాని అదే యుగములలో మన తీరమున శాతవాహన ప్రభువైన యజ్ఞశ్రీ రెండు కొయ్యల ఓడబొమ్మగల నాణెములను వేయించెను. శాస్త్రము వలదన్నను వర్తకుడు పోయెను, పరదేశీయుడు వచ్చెను. అట్లు వచ్చినవాని గతి యేమి? గాలివానకు ఓడ చెడి ఒడ్డున పడినయెడల అందలి బంగారము, గుఱ్ఱములు, రత్నములు సర్వము రాజుదే యను ఆచారము పూర్వముండెను. దిక్కులేని చోట ప్రాణములతో బయటపడినవానికి కట్టుబట్ట తప్ప మిగులకుండెడిది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి యందు వేయించిన శాసనమున ఈ యాచారమును మానిపించెను. ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చు వర్తకులకు ధనము ప్రాణములకంటె ప్రియమైనదని యెఱిగి, నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొనమని ఆయన అభయమిచ్చెను. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. ఈ శాసనమున దయ యొక్కటియే కాదు, లెక్కయు కలదు. ఏమి చెల్లింపవలయునో ముందుగా తెలియుటకంటె పరదేశికి గొప్ప అభయము లేదు. అనిశ్చితియే అతని మొదటి శత్రువు.

మూడున్నర శతాబ్దులకు పిమ్మట ఈ సత్యమునే మన బందరు మరల చూపినది. 17వ శతాబ్ది యారంభమున గోలకొండ సుల్తానుల రేవుగా మచిలీపట్టణము వర్ధిల్లుచుండగా డచ్చివారు అచ్చట వర్తకశాల నెలకొల్పిరి. 1611లో గ్లోబు అను ఓడపై ఆంగ్లేయులు వచ్చిరి. ఆ యోడపై వచ్చిన వర్తకులలో ఫ్లోరిస్ అను డచ్చి జాతీయుడు వ్రాసిన దినచర్య నేటికిని లభించుచున్నది. దానిని చదువువారికి ఇది మహాసాహసికుని గాథగా గాక, బాకీలు వసూలు కాక విసిగిన యొక గుమాస్తా గోడుగా కనబడును. సరకు ఇచ్చిన తరువాత రూకలు రావు, ఒక అధికారి మాట మరియొక అధికారికి చెల్లదు, గాలి తిరుగు కాలము సమీపించును, ఓడ కదలవలయును. విదేశమున పనిచేయు నేటి వర్తకుడెవ్వడైనను ఈ చిరాకును వెంటనే గుర్తింపగలడు.

అయితే ఫ్లోరిస్‌కు నేటి సామాన్య పరదేశికి లేని సాధనమొకటి యుండెను. 1614 నవంబరులో ఆయన సాయుధులైన తన మనుష్యులతో సుంకపు చావడికి పోయి, అచ్చట నున్న గవర్నరు కుమారుని పట్టి యోడపైకి కొనిపోయెను. ఆ యువకుని పేరును ఫ్లోరిస్ వ్రాసిన తీరు విచిత్రముగా నున్నది గాని, అది వెంకటాద్రి యని ఊహింపవచ్చును. బ్రాహ్మణుడగుటచే అతడు పరుల యింట వండిన యన్నము ముట్టడు, నీరు త్రాగడు. ఓడపై ఉపవాసముండెను. అతనిని చూచి తనకు జాలి కలిగినదని ఫ్లోరిసే వ్రాసికొనెను. తుదకు బాకీలు చెల్లినవి, వెంకటాద్రి విడుదలయ్యెను. ఈ యుదంతమున అన్నము, పేరు, బాకీ మూడును ఒకచోట చేరినవి. స్వదేశపు తీరమునకు కొలదిదూరముననే యున్నను, పరుల యోడపై కాలిడిన క్షణముననే వెంకటాద్రి పరదేశి యయ్యెను. ఫిరంగులు గల యోడ వెనుక నుండుటచే ఫ్లోరిస్ పరదేశి యయ్యును ప్రభువయ్యెను. బందరులోని డచ్చివారి శ్మశానమున చెక్కుడు రాళ్ళక్రింద నిద్రించువారిలో స్వదేశమును మరల చూడనోచని వారెందరో కలరు. వారి కష్టములు అబద్ధములు కావు. కాని వారికి ఫిర్యాదు వినిపించుకొను బలముండెను.

ఇక మనవారు పోయిన కథ వేరు. 1834 మొదలు మారిషస్ దీవిలోని చెరకుతోటలకు ఒప్పందపు కూలీలను కొనిపోవుట యారంభమైనది. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణ ప్రాంతములనుండి పోయిన తెలుగువారిని ఆయా దేశములవారు రేవుపేరిట కోరంగీలనియే పిలిచిరి. ఊరిపేరు కాదు, కులము కాదు, తండ్రి పేరు కాదు; ఓడ యెక్కిన చోటి పేరు వారికి జాతినామమయ్యెను. ఓడ యెక్కునపుడు ఇచ్చు చీటిలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, దేహముపైనున్న మచ్చలు వ్రాయుటకు గడులుండెను. మన యింటిపేరునకు గడి లేదు. గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. ఆ వ్రాతయే మనుమల కాలమునకు వంశనామమై నిలిచెను. నేడు పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందా వెనుకా యని తికమకపడు మన యువకులు ఈ చిక్కు తమతో మొదలైనది కాదని గ్రహింతురుగాక.

పేరు పోయినను బ్రతుకవచ్చును. కాగితము పోయిన బ్రతుకు సాగదు. ఒప్పందము ముగించుకొని స్వేచ్ఛ పొందిన పాత వలసదారు సయితము తన ఛాయాచిత్రము అతికిన చీటిని ఎల్లప్పుడు దగ్గర నుంచుకొనవలయునని మారిషస్‌లో 1867నాటి శాసనము విధించెను. ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు పోవుటకు పోలీసువారి అనుమతి కావలయును. చీటి ఇంటిలో మరచి సంతకు పోయినవాడు దేశదిమ్మరిగా పట్టుబడవచ్చును. పోయిన చీటికి బదులు తెచ్చుకొనుటకు ఒక పౌను. ఇది నెలకు అయిదు రూపాయల వేతనమునకు వచ్చినవారి దేశమని మరువరాదు. ఒకనాడు పనికి రాకున్న రెండు నాళ్ళ కూలి కోయుట వేరొక నిబంధన. ఈ బాధలను చూచి సహింపలేక 1871లో అడోల్ఫ్ ద ప్లేవిట్జ్ అను తోట యజమాని కూలీల పక్షమున అర్జీ వ్రాయగా, 9,401 మంది దానిపై తమ అంగీకారము తెలిపిరి. 1872లో విచారణసంఘము నియమితమై 1875లో తన నివేదికను ప్రకటించెను. 1878లో కూలిచట్టము సవరింపబడెను. ఒక్కొక్కని గోడు గాలిలో కలిసెను. తొమ్మిదివేలమంది గోడు కాగితమెక్కినందున చరిత్రలోనికి వచ్చెను.

ఇట్టి పాఠమునే నేటాలు మరింత తీవ్రముగా నేర్పినది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మదరాసునుండి 342 మందితో డర్బను చేరెను. మొదటి యేట నెలకు పది షిల్లింగుల వేతనము. ఒప్పందము తీరినను స్వదేశమునకు మరలక అచ్చట నిలువదలచినవారిపై 1895నాటి శాసనము ఏటేట మూడు పౌనుల పన్ను విధించెను. మూడు పౌనులనగా అరువది షిల్లింగులు. తొలియేటి వేతనముతో లెక్కించిన ఆరునెలల సంపాదన. ఇది పురుషులకు మాత్రమే కాదు, స్త్రీలకును వర్తించెను. అంతట 1913 మార్చిలో కేపు న్యాయస్థానమున సర్ల్ అను న్యాయాధిపతి, బహుభార్యాత్వమునకు తావిచ్చు మతముల విధినిబట్టి జరిగిన వివాహములు చెల్లవని తీర్పు చెప్పెను. ఒక్క తీర్పుతో వేలకొలది యిల్లాండ్రు చట్టము దృష్టిలో భార్యలు కాకపోయిరి; వారి బిడ్డల వారసత్వము సందిగ్ధమయ్యెను. అంతవరకు వంటయింటిలో నుండిన స్త్రీలు అపుడు సత్యాగ్రహమునకు వెడలిరి, చెరసాలకు పోయిరి, గనుల కూలీలను సమ్మెకు పురికొల్పిరి. 1914లో వచ్చిన శాసనముచే పన్ను రద్దయి, వివాహములకు గుర్తింపు కలిగినది. మన సంఘసంస్కరణ చరిత్రలో ఈ పామర స్త్రీలకు తగిన పుట యింకను లేదు. మంగళసూత్రమునకు విలువ కట్టి, విదేశపు వరుడని కట్నము హెచ్చించు నేటి గృహస్థులు, ఆ వివాహ గౌరవముకొరకే వారు చెరసాల కూడు తినిరని ఒకమారు స్మరింపవలయును.

ఫిజీ దీవులకు 1903నుండి మదరాసు రేవుమీదుగా మనవారు పోయిరి. అచ్చట వారిని బాధించినది భాష. తోటలలో చెల్లునది హిందుస్తానీ. తెలుగుమాత్రమే తెలిసినవానికి మేస్త్రీ యాజ్ఞ అర్థము కాదు. తన జ్వరమును వైద్యునికి చెప్పుకొనలేడు. స్వదేశీయుల నడుమనే మరల పరదేశి యగుట ఇదియే. 1926లో దక్షిణాదివారందరు కలిసి సంగమును స్థాపించి, తమ బిడ్డలకు తమ భాషలు నేర్పుటకు పాఠశాలలు పెట్టుకొనిరి. 1941లో తెలుగువారు తమ ఆంధ్ర సంగమును వేరుగా నేర్పరచుకొనిరి. ప్రభుత్వ మీయని వస్తువును చందాలు వేసికొని సంపాదించిరి.

అన్నిటికంటె మన తీరమునకు చేరువయైనది రంగూను. మనవారి నోట అది రంగమయ్యెను. కోతలు ముగిసిన పిదప ఓడ యెక్కి, బియ్యపుమరలలోను రేవులోను కూలిచేసి, మరల తొలకరికి ఇల్లు చేరుకొనువారు వేలకొలది. మేస్త్రీ ఓడచార్జీ బయానాగా నిచ్చును. దానిని కూలినుండి కోసికొనును. తిండిలోను లాభము తీసికొనును. ఇరుకు గదులలో వంతులు వేసికొని నిద్రించిరి. చదువు రానివాడు ఇంటికి ఉత్తరము వ్రాయించుకొనుటకు మరియొకని కాళ్ళు పట్టవలసివచ్చెను. 1930 మే మాసమున మన రేవుకూలీలు వేతనముకొరకు సమ్మెచేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. రాజీ కుదిరినతోడనే ఆ బర్మీయులను తొలగించిరి. పని పోయినవారి కోపము యజమానులపై గాక తెలుగువారిపై పడెను. మే 26న చెలరేగిన అల్లరిలో నూరుమందికి పైగా మృతినొందిరి. ఇరుపక్షములవారును పేదలే, ఇరువురి ఆకలితోను వ్యాపారము చేసినవారు సురక్షితముగా నుండిరి. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడినపిదప లక్షలకొలది భారతీయులు కొండదారులవెంట నడచి వచ్చిరి. దారిలో రాలినవారు వేలకొలది. మిగిలినవారిలో పెక్కుమంది 1964 ప్రాంతమున, నెవిన్ ప్రభుత్వము వ్యాపారములను స్వాధీనము చేసికొన్న తరువాత, కొద్దిపాటి సామానుతో మరలిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. గణపతిదేవుడు 1244లో విడిచిపెట్టిన దానిని 20వ శతాబ్ది ప్రభుత్వములు మరల పట్టుకొనినవి.

ఇంతవరకు చెప్పినదాని సారమేమి? పరదేశపు చిన్న కష్టములు విధివిలాసములు కావు. గడిలేని చీటి, రెట్టింపు కోత, మూడు పౌనుల పన్ను, చెల్లని పెండ్లి: వీనినన్నిటిని మనుష్యులే వ్రాసిరి, మనుష్యులే కొట్టివేసిరి. కొట్టివేయించినది ఒంటరివాని ఓర్పు కాదు. కలిసి వ్రాసిన అర్జీ, కలిసి చేసిన సమ్మె, కలిసి పెట్టిన బడి. కావున విదేశముననున్న మన బిడ్డలు తమ చిరాకులను సిగ్గుతో దాచుకొనక ఒకరికొకరు చెప్పుకొనుట మేలు. ఇంటిలోని పెద్దలు వారు పంపు ధనమునేగాక వారి చిక్కులను గూడ లెక్కించుట మేలు.

మరియొక మాట. మన ప్రాంతపు ఇటుకబట్టీలకు ఒడిశానుండియు ఇతర దేశభాగములనుండియు కుటుంబములు బయానా తీసికొని వచ్చుచున్నవి. వారి బిడ్డ పేరు మన బడి పట్టికలో ఎట్లు వ్రాయబడుచున్నది? మన వైద్యునికి ఆ తల్లి తన జ్వరమును ఏ భాషలో చెప్పుకొనుచున్నది? వారి బయానా లెక్క ఎవ్వని పుస్తకమున నున్నది? అద్దెకు గది యడిగినపుడు మనమేమనుచున్నాము? అమెరికాలోని ఇంటి యజమాని మంచివాడేనా యని సాయంకాలమున అడుగు మనము, ఉదయమున మన గుమ్మము ముందు నిలిచినవానికి ఎట్టి యజమానులమో యోచింపవలదా? మోటుపల్లి రాతిపై చెక్కిన అభయము రాజులకే కాదు, గృహస్థులకును వ్రాసినదే.