ఫొటోలో ఉన్న యానాది పేరేంటి?

న్యూడ్ ఫొటోషూట్ అనగానే మోడల్ ఇష్టపడే చేసిందా అని అడుగుతాం కదా. మా బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల ఉండే యానాదుల్ని అలా అడిగారా?

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద 7 సంపుటాలు అచ్చేశాడు. ఏడోదాంట్లో యానాదులు నిప్పు పుట్టిస్తున్న ఫొటో ఉంది. ఒంటి మీద గోచీ ఒక్కటే. అది వాళ్ల రోజువారీ బట్ట, సిగ్గేముంది! కానీ ఫొటో కింద కులం పేరుంది, మనిషి పేరు లేదు. నాకు గుచ్చుకునేది అదే.

వయనాడ్‌లో పనియ ఆడవాళ్లయితే థర్‌స్టన్‌ని చూసి పారిపోయారట. తమలో బాగున్నవాళ్లని చంపి, గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడని భయం. ఈ సంగతి ఆయనే ముందుమాటలో, అదేదో తమాషా అన్నట్టు రాసుకున్నాడు. నాకైతే అది వాళ్లు "వద్దు" అని చెప్పడమే.