చిట్టా నుంచి ఆవర్జాకు: జాబితా నేర్పిన వైద్యపాఠం

పూర్వం మన వర్తకులు రెండు పుస్తకాలు ఉంచుకొనేవారు. ఏ రోజు జరిగినది ఆ రోజు వరుసగా చిట్టాకు ఎక్కేది. అవే పద్దులను తరువాత ఎవరి ఖాతా కింద వారివిగా ఆవర్జాలో చేర్చేవారు. చిట్టా చూస్తే ఏమి జరిగిందో తెలుస్తుంది. ఎవరి బాకీ ఎంతో తెలియాలంటే ఆవర్జా తెరవవలసిందే. నేడు మీ ఫోనులో ఆలోచనలను శీర్షికలుగా, ఉపశీర్షికలుగా అమర్చే యాప్‌లు చేస్తున్నది ఈ రెండవ పుస్తకపు పనే. వాటి చరిత్రలోనూ, వైద్యచరిత్రలోనూ 1968 ఒక మైలురాయి.

అంతవరకు ఆసుపత్రి ఫైలు చాలావరకు చిట్టాయే. వైద్యుని రాతలు ఒకచోట, నర్సు రాతలు ఒకచోట, పరీక్షల ఫలితాలు మరొకచోట తేదీల వరుసలో పేరుకుపోయేవి. అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీనికి మార్గాంతరం చూపాడు. ఫైలు మొదట రోగి సమస్యలన్నింటికీ సంఖ్యలు వేసి పట్టికగా వ్రాయాలి. ఆపై ప్రతి రాతా ఏదో ఒక సమస్య కిందికే చేరాలి. రోగి చెప్పినది, పరీక్షలో కనిపించినది, వైద్యుని అంచనా, చేయదలచిన చికిత్స అనే నాలుగు మెట్ల క్రమం ఆ పద్ధతి నుంచి వచ్చినదే. మా తరం వైద్యులు కేస్‌షీటు వ్రాయడం నేర్చుకొన్నది ఈ మెట్ల మీదనే.

అదే సంవత్సరం డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ కంప్యూటరు నిపుణుల సభలో సుమారు 90 నిమిషాల ప్రదర్శన ఇచ్చాడు. మౌస్ తొలిసారి బహిరంగంగా కనిపించిన సభగా అది ప్రసిద్ధి. అయితే ఆయన తెర మీద చూపినవాటిలో ఇంటికి కొనవలసిన సరుకుల జాబితా కూడ ఉన్నది. సరుకులను వర్గాలుగా విడదీశాడు. కావలసినప్పుడు వివరాలను దాచి శీర్షికలు మాత్రమే చూపాడు. 1983లో డేవ్ వైనర్ సంస్థ వెలువరించిన థింక్‌ట్యాంక్ ఈ సౌకర్యాన్ని ఇళ్లలోని చిన్న కంప్యూటర్లకు తెచ్చింది. నేటి యాప్‌లు ఆ బాటలోనివే.

ఇందులో ఆరోగ్యప్రసక్తి ఏమిటని మీరు అడగవచ్చు. మన మనస్సు ఒకేసారి పట్టుకోగల విషయాలు బహు స్వల్పం. 1956లో జార్జ్ మిల్లర్ వాటిని ఏడుకు అటూయిటుగా లెక్కించాడు. తరువాతి పరిశోధకులు నాలుగే అన్నారు. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పి గల వృద్ధుడు ముగ్గురు వైద్యుల వద్దకు వెళితే, ఆయన సంచిలోని మందుల చీటీలు ఆ హద్దును ఎప్పుడో దాటిపోతాయి. మోకాళ్లకు వాడే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు రక్తపోటును పెంచగలవు, మూత్రపిండాలకు హాని చేయగలవు. ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో రెండు చీటీలలో ఉండవచ్చు. విడివిడి చీటీలలో ఈ ప్రమాదం కనబడదు. ఒకే పట్టికలో ఎదురెదురుగా నిలిస్తే కనబడుతుంది.

కాబట్టి నేడే మీ ఆవర్జా తెరవండి. ఏ యాప్ అయినా సరే, ఐదు శీర్షికలు చాలు: నా వ్యాధులు, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు, ఇటీవలి పరీక్షలు, వైద్యుని అడగవలసిన ప్రశ్నలు. ప్రతి వ్యాధి కింద దానికి వాడుతున్న మందు అసలు పేరు, మోతాదు, ప్రారంభించిన తేదీ వ్రాయండి. ఆపిన మందును చెరిపివేయక, ఎందుకు ఆపారో పక్కన వ్రాయండి. దుకాణంలో స్వయంగా కొన్న మాత్రలనూ, నాటుమందులనూ మరువకండి. ఒక ప్రతిని కాగితం మీద వ్రాసి ఇంటివారికి తెలిసిన చోట ఉంచండి. అత్యవసర సమయంలో తాళం వేసిన ఫోను అక్కరకు రాదు.

పట్టిక చూసి మీరే మందులు మానవద్దు. దానిని వైద్యుని ముందుంచి, ఇవన్నీ కలిపి వాడవచ్చునా అని అడగండి.