అద్దం తీసేసినంక దొరికిన జాగ



పోయిన దండారిల మేం తీసిన పాట వీడియో గ్రూపుల పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది. "ఒక్క దీపం వెలుతుర్ల కాక ముఖం అంత మంచిగ ఎట్ల వచ్చింది? ఏం కెమెరా కొన్నరు?" అని. కెమెరా కొనలేదు. ఒక సీనియర్ అన్న వాడి పక్కన పెట్టిన పాత మిర్రర్‌లెస్ అది. అసలు పని చేసింది కెమెరాకూ లెన్సుకూ మధ్యన పెట్టిన ఒక చిన్న రింగు. దాన్ని ఫోకల్ రెడ్యూసర్ అంటరు. అది ఇంత దూరం రావడం వెనక పెద్ద చరిత్రే ఉంది. రాస్తే కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

ముందు మాకు దాని అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలె. కాక ప్రధాన్. కీక్రి పట్టుకొని రాత్రంతా కథ పాడగలిగేవాళ్లల్ల మా ఊళ్లె ఇగ ఆయన ఒక్కడే మిగిలిండు. రెండేండ్ల కింద మేం మొదటిసారి తీయబోయి ఎల్‌ఈడీ లైటు ముఖం మీద వేసినం. కాసేపు పాడి ఆపేసిండు. "ఈ లైటు కండ్లల్ల పడితే పాట గొంతుల్నుంచి రాదు పోరగాండ్లూ" అన్నడు. లైటు ఆర్పేసి తీస్తే ఫోన్ల అంతా నలుపే, ఆ నలుపుల చీమలు పారినట్టు చుక్కలు. మన పెద్దల పాత ఫొటోలు, ఫిల్ములు చూడాలంటే ఇయ్యాల్టికీ లండన్‌లోని సోయాస్ దిక్కు చూడాలె. 1940లలో మార్లవాయిల ఉండి హైమన్‌డార్ఫ్ తీసినవి అక్కడ భద్రంగ ఉన్నయి. కాక పాట మాత్రం మన చేతులతోనే, ఆయన కోరిన దీపం వెలుతుర్లనే తీయాలని మా పట్టుదల.

లెన్సు మాకు మండల కేంద్రంల మూతబడ్డ ఒక ఫొటో స్టూడియోల దొరికింది. జెనిట్ అనే రష్యా ఫిల్మ్ కెమెరా, దానికి హీలియోస్ 44-2 లెన్సు. వానాకాలం చెమ్మకు అంచుల్లో ఫంగస్ పట్టి ఉంది. స్టూడియో పెద్దాయన "ఇగ ఎవరికి పనికొస్తది, తీసుకపోండి" అని ఊరికే ఇచ్చిండు.

పనికిరాదనుకున్న ఆ లెన్సు పుట్టుక జర్మనీలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్ల్ జైస్ కంపెనీ బయోటార్ అనే 58 మిల్లీమీటర్ల, ఎఫ్/2 లెన్సు తయారుచేసింది. యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక ఆ డిజైన్లు సోవియట్ యూనియన్ చేతికి వచ్చాయి. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ 1950ల చివర నుంచి అదే నమూనాను హీలియోస్-44 పేరుతో తీసింది. తర్వాత వేరే ఫ్యాక్టరీలు కూడా కలిసి లక్షల సంఖ్యలో చేశాయి. మా 44-2ను కెమెరాకు బిగించే మర కూడా జర్మనీదే. 1949లో డ్రెస్డెన్‌లో కాంటాక్స్ ఎస్ కెమెరాతో వచ్చిన ఎం42 మర అది: 42 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకు 1 మిల్లీమీటరు. ప్రాక్టికా, పెంటాక్స్, జెనిట్ అన్నీ ఆ మరనే వాడుకున్నాయి. జపాన్ లెన్సు రష్యా కెమెరాకు పట్టేది. ఇప్పటి కంపెనీలు ఒకరి లెన్సు ఇంకొకరికి పట్టకుండా చేస్తున్న తీరు చూస్తే ఆ కాలమే నయమనిపిస్తది.

డిజిటల్ వచ్చాక ఈ లెన్సులన్నీ తుక్కు కిందికి పోయాయి. కారణం లెన్సుల్లో లోపం కాదు. ఫిల్మ్ మీద ఒక ఫ్రేము 36 × 24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. మా కెమెరాలాంటి ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6, అంటే దగ్గర దగ్గర 367. ఆ పెద్ద ఫ్రేము కోసం చేసిన లెన్సు ఎప్పటిలాగే పెద్ద బొమ్మ వేస్తుంది. చిన్న సెన్సర్ దాని నడుమ ముక్కను మాత్రం పట్టుకుంటుంది. సగానికి పైగా వెలుతురు చుట్టూ ఉన్న నల్ల గోడల మీద పడి పోతుంది. 58 లెన్సు 87 లెన్సులాగా దగ్గరికి గుంజినట్టు చూపిస్తుంది. మా గుడిసెల ఆ లెన్సు పెట్టి గోడకు ఆనుకొని నిలబడ్డా కాక ముఖమే వస్తది, కీక్రి రాదు.

పోయే ఆ వెలుతురును వెనక్కి తెచ్చేదే రెడ్యూసర్. లెన్సు వెనక, సెన్సర్ ముందు, వెలుతురును లోపలికి వంచే గాజుల గుంపు ఒకటి పెడతారు. బొమ్మ 0.71 రెట్లకు కుంచించుకుంటుంది. జొన్నలు ఆరబోసినప్పుడు చూడండి. పెద్ద తాటిపత్రి మీద పలచగ పరిచిన గంపెడు జొన్నల్ని సగం జాగలకు గుంజితే పొర రెండింతలు మందమైతది, గింజలు మాత్రం అవే. 0.71ని 0.71తో గుణిస్తే సుమారు సగం. అందుకే వెలుతురు రెండింతలు, ఫొటోగ్రాఫర్ల లెక్కలో ఒక స్టాప్. ఎఫ్/2 లెన్సు ఎఫ్/1.4 అవుతుంది, 58 మిల్లీమీటర్లు 41 అవుతుంది. ఏపీఎస్-సీ మీద చూపు దాదాపు ఫిల్మ్ మీద ఉన్నంత వెడల్పుకే తిరిగొస్తుంది.

ఈ ఉపాయం కొత్తది కాదు. నక్షత్రాలు చూసేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్నారు. ఎఫ్/10 టెలిస్కోపుకు 0.63 రెడ్యూసర్ పెట్టి ఎఫ్/6.3 చేసుకోవడం వాళ్లకు మామూలు. కెమెరాల్లో కూడా 1995 నాటికే నికాన్, ఫుజీ కలిసి ఈ2 అనే డిజిటల్ కెమెరాలో ఇలాంటి గాజుల వరుస పెట్టాయి. అందులో సెన్సర్ 2/3 అంగుళాలదే. అయినా నికాన్ లెన్సులు పూర్తి వెడల్పు చూపించాయి. కానీ ఆ గాజుల కోసం కెమెరా ఇటుకలా లావయింది, పెద్ద ఎపర్చర్ లెన్సు పెట్టినా దాని వెలుతురు పూర్తిగా లోపలికి అందలేదు.

అడ్డు ఎక్కడంటే అద్దం దగ్గర. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సు వెనక ఒక అద్దం లేచి పడుతూ ఉంటుంది. దానికి జాగ కావాలి కాబట్టి ఎం42 కెమెరాల్లో లెన్సు బిగించే చోటు నుంచి ఫిల్మ్‌కు 45.46 మిల్లీమీటర్ల దూరం పెట్టారు. రెడ్యూసర్ పెట్టాలన్నా ఆ జాగే కావాలి, పైగా అది బొమ్మను లెన్సుకు ఇంకా దగ్గరికి లాగుతుంది. అద్దం ఉన్నన్ని రోజులు దాన్ని పెట్టే దారి లేదు.

నడుమ వీడియోవాళ్లు ఒక విచిత్రమైన పని చేశారు. 2000ల మొదట్లో చిన్న క్యామ్‌కార్డర్ ముందు గరుకు గాజు పెట్టి, పెద్ద లెన్సుతో దాని మీద బొమ్మ వేసి, ఆ బొమ్మను మళ్లీ వీడియో తీసేవారు. మినీ35, లెటస్, రెడ్‌రాక్ లాంటి అడాప్టర్లు అవి. గాజు గరుకుదనం కనపడకుండా దాన్ని తిప్పడమో వణికించడమో చేసేవారు. బొమ్మ తలకిందులుగా వచ్చేది. వెలుతురు చాలా పోయేది. సినిమాలాంటి మసక వెనకభాగం కోసం ఇంత తిప్పలు! దీపం వెలుతురు పాటకు అది ఏ మూలకూ సరిపోకపోవు.

2008లో పానాసోనిక్ లూమిక్స్ జీ1తో అద్దం లేని, లెన్సు మార్చుకునే కెమెరా వచ్చింది. 2010లో సోనీ నెక్స్ వచ్చింది, దాంట్లో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. 45.46లోంచి 18 తీసేస్తే ఎం42 లెన్సుకు 27 మిల్లీమీటర్ల పైన ఖాళీ జాగ. నాలుగేండ్ల దాకా అందరూ ఆ జాగను ఉత్త గొట్టంతోనే నింపారు. 2013 జనవరిలో బ్రయన్ కాల్డ్‌వెల్ అనే ఆప్టికల్ డిజైనర్ మెటాబోన్స్ కంపెనీతో కలిసి స్పీడ్ బూస్టర్‌ను బయటపెట్టాడు. మొదటిది కానన్ లెన్సులను సోనీ నెక్స్‌కు కలిపేది, 0.71 రెట్లు. చాలామంది ముందు నమ్మలేదు. అప్పటిదాకా వాళ్లు చూసింది టెలికన్వర్టర్లను. అవి బొమ్మను పెద్దగ చేస్తూ వెలుతురునూ పదునునూ తగ్గిస్తాయి. ఇది వాటికి తలకిందులు. బొమ్మ చిన్నదైతే లెన్సు తప్పులు కూడా చిన్నవవుతాయి, కాబట్టి మంచి రెడ్యూసర్ పెడితే పదును పెరుగుతుంది. అదే ఏడు చివర బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ కెమెరా కోసం 0.58 రెట్లది కూడా తెచ్చారు. చివరికి 2020లో కానన్ కంపెనీయే తన సీ70 సినిమా కెమెరాతో పాటు సొంత 0.71 అడాప్టర్ అమ్మింది.

ధర సంగతి వేరు. ఆ అసలు రకం మా స్కాలర్‌షిప్పుకు అందేది కాదు. మేం కొన్నది చైనాల తయారైన చవకది, అది కూడ సెకండ్‌హ్యాండ్. దాని కష్టాలు చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టు. మొదటి రోజు దూరపు చెట్లకు ఫోకస్ దొరకనే లేదు. రెండు రోజులు లెన్సునే తిట్టుకున్నం. రెడ్యూసర్ గాజు సరైన లోతుల కూర్చోలేదని తర్వాత తెలిసింది. పక్కనున్న సన్న స్క్రూ వదులు చేసి, గాజుల గుంపును కొంచెం తిప్పి, చుక్కలను చూసుకుంట బిగించినం. అట్ల తిప్పేటప్పుడు లెన్సు వెనక భాగం గాజుకు తగులుతుందేమో చూసుకోండి, గీత పడితే ఇగ అంతే. రెండోది, పగటి పూట గుస్సాడీ తీసినప్పుడు ఎండకు ఎదురుగ ఎఫ్/8 పెట్టినం. ఇంటికొచ్చి చూస్తే ఫ్రేము నట్టనడుమ నీలం చుక్క. నెమలి ఈకల టోపీ పెట్టుకొని ఎగిరే ప్రతి మనిషి ఛాతి మీద బొట్టు పెట్టినట్టు! సెన్సర్ మీద పడ్డ వెలుతురు మళ్లీ రెడ్యూసర్ గాజుకు తగిలి తిరిగొస్తే అట్ల అయితది. చవక వాటిల్ల ఈ రోగం ఉంది. ఎపర్చర్ పూర్తిగ తెరిస్తే కనపడదు. పగటి వీడియో సగం అట్లనే పాడైంది.

ఇంకో మాట. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉన్నోళ్లు ఈ పాత 35 లెన్సులకు రెడ్యూసర్ కొనకండి, బొమ్మ సరిపోక మూలలు నల్లగ వస్తయి. ఏపీఎస్-సీ కోసమే చేసిన చిన్న లెన్సులు దీని ముందు పెట్టినా అదే గతి.

రాత్రి మాత్రం అది మమ్మల్ని నిలబెట్టింది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఉత్త అడాప్టరుతో 6400 ఐఎస్ఓ కావాల్సిన చోట 3200తో సరిపోయింది. కాక ముఖం, కీక్రి, వెనక కూసున్న అవ్వల కండ్లు ఒకే ఫ్రేముల వచ్చినయి. ఆటోఫోకస్ లేదు, ఆయన ముందుకు వంగినప్పుడల్లా చేత్తో రింగు తిప్పాలె. వీడియోల అక్కడక్కడ మసకగ ఉన్న చోట్లు మా చేతి తప్పులే. కెమెరా 29 నిమిషాలకొకసారి దానంతటదే ఆగుతది, మళ్లీ నొక్కేదాకా ఒకటి రెండు మాటలు పోయినయి.

తెల్లారుజామున దీపంల నూనె అయిపోయింది. కాక ఆపలేదు. మేం కూడ ఆపలేదు. ఆ చివరి పావుగంటల చిత్రమేమీ లేదు, గొంతు, కీక్రి మాత్రమే ఉన్నయి. దాన్ని కత్తిరించకుండ అట్లనే ఇయ్యాల రాత్రి గ్రూపుల పెడుతున్నం.