గుడ్డ కప్పకముందే

స్లాబు పోశాక లోపలి ఇనుము కనపడదు. అందుకే చందనవెల్లిలో కట్టే షెడ్డుకైనా ఇంజనీరు ముందే వచ్చి చూడాలి. ఇంట్లో కట్టుకునే విమానమూ అంతే: రెక్క మీద గుడ్డ కప్పకముందే అతుకులు చూడాలి.

కానీ అతుకులు చూస్తే చాలా? ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే తన ‘ఆకాశపు పేను’ విమానాన్ని ఎవరైనా కట్టుకోవచ్చంటూ 1934లో పుస్తకం వేశాడు. వందలమంది కట్టారు. కొందరు కూలి చనిపోయారు. 1936లో గాలి సొరంగంలో పెట్టి చూస్తే తేలింది: ముక్కు మరీ కిందికి వాలితే, కర్ర ఎంత లాగినా లేవదు. తప్పు పనితనంలో కాదు, డ్రాయింగులోనే ఉంది.

ఇవాళ బ్రిటన్‌లో డిజైన్‌ని ఇంజనీర్లు విడిగా పరిశీలిస్తారు. కట్టుబడిని ఇన్‌స్పెక్టర్ దశలవారీగా చూసి సంతకం పెడతాడు. రెండు సంతకాలూ కావాలి.